ఓబడయా హాస్కిన్ కొట్టులో కొసరు

ఇల్లు మారేటప్పుడు అందరూ రెండు కుప్పలు పోస్తారు. పారేసేవి ఒకటి, పారేయలేనివి ఒకటి. తీరా చూస్తే పారేయలేని కుప్పలో ఉన్నవన్నీ ఎందుకూ పనికిరానివే. పోయిన నెల హాలిఫాక్స్‌లో ఒక వీధినుంచి ఇంకో వీధికి మారుతుంటే, పాత సూట్‌కేసు అడుగున ముదురు గోధుమరంగు ఉన్ని వెయిస్ట్‌కోటు ఒకటి బయటపడింది. ఎముక గుండీలు, అందులో ఒకటి లేదు. మా అమ్మాయి దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, "నాన్నా, వర్ యూ ఎ వెయిటర్?" అంది. కాదమ్మా, శాసనసభ్యుణ్ణి అన్నాను. "ఓకే," అని దాన్ని పారేసే కుప్పమీద పెట్టి వెళ్ళిపోయింది. నేను తీసి వాసన చూశాను. ఇన్నేళ్ళయినా కట్టెల పొగ, తడిసిన గొర్రె వాసన, వాటి అడుగున ఎక్కడో కొంచెం ఇంగువ. ఆ రోజు ఇంక సర్దుడు సాగలేదు.

చదువుకోడానికని నేను కెనడా వచ్చిన కాలంలో తెలుగు పిల్లలందరూ చదువుకోడానికే కెనడా వచ్చారు. విమానంలో నా వరుసలో కూర్చున్నవాళ్ళు, ముందు వరుసవాళ్ళు, బాత్రూం దగ్గర నిలబడ్డవాళ్ళు, అందరిదీ ఒకటే కాలేజీ. ఆ కాలేజీ ఒక షాపింగ్ ప్లాజాలో, గోళ్ళకు రంగులేసే సెలూన్‌కీ పిజ్జా కొట్టుకీ మధ్య ఉండేది. మార్కమ్‌లో ఒక ఇంటి బేస్‌మెంటులో ఆరుగురం ఉండేవాళ్ళం. రెండు రైస్ కుక్కర్లు ఒకేసారి పెడితే పైన ఓనర్లకి లైట్లు పోయేవి కాబట్టి అన్నం వంతులవారీగా వండుకునేవాళ్ళం. తాలింపు వేసేముందు అందరి చలికోట్లూ దుప్పట్లో మూటకట్టి బాత్రూంలో పెట్టాలి, లేకపోతే ఇంటర్వ్యూ గదిలోకి మనిషికన్నా ముందు ఇంగువ వెళ్ళేది. ఇంటర్వ్యూలు మాత్రం ఎక్కడున్నాయి? కాఫీ షాపులో ఒక ఉద్యోగం ఖాళీ అయిందంటే బయట క్యూ రోడ్డు మలుపు తిరిగేది. మా రూమ్మేటు, నరసాపురం జాన్ ప్రసాద్, ఆ క్యూలో నిలబడి తన ఇంటర్మీడియట్ క్లాసువాళ్ళని ముగ్గుర్ని కలిశాడు. మేనేజరుని మాత్రం కలవలేకపోయాడు. "మున్సిపాలిటీ పంపు దగ్గర కూడా ఇంత జనాన్ని చూళ్ళేదు మావా," అని వచ్చి ముసుగుతన్ని పడుకున్నాడు.

అలాంటి రోజుల్లో నాకు ఉద్యోగం దొరికింది. ఏం ఉద్యోగం అని జాన్ ప్రసాద్ అడిగితే, చచ్చిపోయిన ఒక అమెరికా వ్యాపారిలా ఉండడం అని చెప్పాను. వాడు నా నుదురు పట్టుకు చూశాడు. మార్కమ్ దాటి ఉత్తరానికి పోతే, బస్సు ఆఖరి స్టాపు తర్వాత, మొక్కజొన్న చేల మధ్య ఒక పాతకాలపు ఊరు ఉండేది. నిజం ఊరు కాదు. చుట్టుపక్కల కూలిపోబోతున్న పాత ఇళ్ళని విప్పి తెచ్చి ఒకచోట నిలబెట్టిన మ్యూజియం. కమ్మరి కొలిమి, బడి, చర్చి, ఒక కిరాణా కొట్టు. ఒక్కో ఇంట్లో ఒక్కో మనిషి ఆ కాలపు బట్టలు వేసుకుని, తనే ఆ కాలపు మనిషైనట్టు, చూడొచ్చినవాళ్ళతో మాట్లాడాలి. కొట్టులో ఉండాల్సినవాడు ఓబడయా హాస్కిన్. చాలా ఏళ్ళుగా ఆ వేషం వేస్తున్న పెద్దాయనకి మోకాలి ఆపరేషను అయింది. ఆ ఉద్యోగానికి అప్లై చేసినవాళ్ళంతా నాలాంటివాళ్ళే, అందులో కొట్టు మొహం చూసినవాణ్ణి నేనొక్కణ్ణే.

మ్యూజియం నడిపే ఆడ్రీ గారు డెబ్బై దాటిన మనిషి. సన్నగా, నిటారుగా, మాట ఆచితూచి మాట్లాడేవారు. "రోజంతా నిలబడి చెప్పిందే చెప్పగలవా?" అని అడిగారు. మాది కిరాణా కొట్టండి, చెప్పిన ధరే పొద్దస్తమానం చెప్తూ పెరిగాను అన్నాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి, "తక్కెడ పట్టడం వచ్చా?" అన్నారు. ఈ దేశంలో నాకు వచ్చిన పని గురించి నన్నెవరైనా అడగడం అదే మొదలు. నా రంగు, నా యాస ఆ మనిషికి సరిపోవు కదా అని నాకు అనుమానం ఉంది, అది నా మొహంలో కనపడినట్టుంది. "ఓబడయా కూడా బయటినుంచి వచ్చినవాడే. అతని యాసకి ఇక్కడివాళ్ళు నవ్వేవాళ్ళు. అది మనకి తెలుసు," అని ఆవిడ కాగితాలు మూసేశారు.

ఓబడయా హాస్కిన్ జీవితం నాకిప్పటికీ కంఠతా వచ్చు. అమెరికాలోని వెర్మాంట్‌లో ఒక కొండపొలంలో పుట్టాడు. రాళ్ళు తప్ప ఏమీ పండని పొలం. అన్నదమ్ములు ఎక్కువ, రాళ్ళు ఇంకా ఎక్కువ. వయసొచ్చాక ఒక బండి, రెండు గుర్రాలు, మేకుల పీపా, ఉప్పు పీపా, పేషెన్స్ అనే భార్యతో సరస్సు చుట్టి ఉత్తరానికి వచ్చాడు. అప్పటికి ఇది దేశం కాదు, ఇంగ్లీషు రాజు గారి అడవి. అంతకుముందు అది ఎవరి అడవో ఆడ్రీ గారు బడిపిల్లలకి విడిగా, ఇంకా నెమ్మదిగా చెప్పేవారు. రెండు బండిబాటలు కలిసేచోట దుంగలతో కొట్టు కట్టాడు. రైతుల దగ్గర డబ్బుండేది కాదు కాబట్టి గోధుమలూ కట్టెల బూడిదా తీసుకుని గుడ్డ, టీ ఆకు, గొడ్డళ్ళు ఇచ్చేవాడు. ఆ బూడిద కాచి సబ్బులు చేసేవాళ్ళకి పంపేవాడు. తర్వాత పోస్టాఫీసు అతని కొట్టులోనే పెట్టారు. ఆ తర్వాత శాసనసభకి నిలబడ్డాడు. అమెరికానుంచి వచ్చినవాణ్ణి నమ్మకూడదని ఊళ్ళో ఒక వర్గం. నమ్మకూడదు గానీ ఉప్పు అతని కొట్టులోనే ఉంది కదా అని ఇంకో వర్గం. ఇన్నేళ్ళు ఇక్కడే ఉన్నావనడానికి రుజువేది, రాజుకి విధేయుణ్ణని ప్రమాణం చేశావా, సాక్షులెవరు, ఇలా అన్నీ అడిగారు. మొదటిసారి ఓడిపోయి తర్వాత రెండుసార్లు గెలిచాడు. సభలో రోడ్డు గురించి ఒక ప్రసంగం, వంతెన గురించి ఒక ప్రసంగం చేశాడు. రోడ్డు వచ్చింది.

ఈ కథ బేస్‌మెంటులో చెప్పినప్పుడు మావాళ్ళకి గుర్రాలూ మేకులూ పట్టలేదు. "అయితే పాపం ఆయనకీ పీఆర్ కష్టాలేనా," అని, పర్మనెంట్ రెసిడెన్సీ కోసం రోజులు లెక్కపెట్టుకునే జాన్ ప్రసాద్ నిట్టూర్చాడు. వాళ్ళది తరతరాల చర్చి కుటుంబం. ఓబడయా అంటే మన బైబిల్లో ఓబద్యానే అని వాడే కనిపెట్టి, ఆ రోజునుంచి నన్ను గారు పెట్టి పిలవడం మొదలెట్టాడు. "ఓబద్యా గారూ, ఇవాళ అంట్లు తమరివి." వేషం కోసం నేను బుగ్గలమీద జుట్టు గుబురుగా పెంచి, చుబుకం మాత్రం నున్నగా గీసుకోవాల్సి వచ్చేది. మింగ మెతుకు లేదు గానీ మీసాలకి సంపెంగ నూనె అని మావాళ్ళు నవ్వేవాళ్ళు. మీసం కూడా లేదని నేను గుర్తుచేసేవాణ్ణి.

పొద్దున్నే వెళ్ళగానే ముందు పొయ్యి. అగ్గిపుల్లలు ఆ కాలంలో లేవు కాబట్టి చెకుముకి రాయితోనే వెలిగించాలి. వానరోజుల్లో ఆడ్రీ గారు కిటికీ వైపు తిరిగి నిలబడేవారు, నేను లైటరు తీసేవాణ్ణి. మంట అంటుకున్నాక ఇద్దరం ఏమీ ఎరగనట్టు గుడ్డ తానులు దులిపేవాళ్ళం. నేలమీద సన్న ఇసక చల్లి ఊడవాలి, ఇత్తడి తక్కెడ బూడిదతో తోమాలి, పీపాల మూతలు తీసి పెట్టాలి. మొలాసిస్ పీపా తెరిస్తే గానుగ దగ్గర బెల్లప్పాకం వాసన వచ్చేది. పక్కనే కొవ్వుతో కాచిన సబ్బు ఉండి ఆ సుఖాన్ని ఎక్కువసేపు ఉంచేది కాదు. మధ్యాహ్నం ఆడ్రీ గారు డబ్బాలోంచి తీసేది ఎప్పుడూ దోసకాయ ముక్కల సాండ్‌విచ్. నేను ఒకసారి పులిహోర పెట్టాను. ఆవిడ మొత్తం తిని, గ్లాసు నిండా నీళ్ళు తాగి, "తెలుసుకున్నాను," అన్నారు.

మంట విషయంలో ఉన్న సడలింపు మాట విషయంలో ఉండేది కాదు. ఆ కొట్టులో మనం ఏ మాట అన్నా దాని వెనక ఏదో ఒక ఆధారం ఉండాలి. లేకపోతే "మనకి తెలీదు" అని చెప్పాలి. ఆ రెండు ముక్కలు పలకడానికి నాకు చాలా కాలం పట్టింది. మన వైపు తెలీదనడం నామోషీ. దారి అడిగితే, తెలియకపోయినా కుడివైపు చెయ్యి చూపిస్తాం, మనిషి వెళ్ళిపోతాడు, మర్యాద దక్కుతుంది. ఆడ్రీ గారు మాత్రం ఆ మాట ఎంతో ఇష్టంగా అనేవారు. పేషెన్స్ ఎలా ఉండేది? మనకి తెలీదు. ఓబడయాకి కోపం ఎక్కువా? మనకి తెలీదు. గుర్రాల పేర్లు మాత్రం బెట్సీ, డచెస్. అవి తెలుసు. కొందరు ముసలి దంపతులు నన్ను కిందనుంచి మీదికి చూసి, "నిజంగా ఎక్కడివాడివి?" అని అడిగేవాళ్ళు. వేషంలో ఉన్నంతసేపూ వేషం విప్పకూడదు. "వెర్మాంటండీ," అనేవాణ్ణి. వాళ్ళు తలూపి, అక్కడ చలి ఎక్కువే అనేవాళ్ళు.

రెండో వేసవికి నా చదువు అయిపోయింది. వర్క్ పర్మిట్ మీద రోజులు కరిగిపోతున్నాయి. పీఆర్‌కి అప్లై చేయాలంటే ఏడాది పొడుగునా ఉండే ఫుల్‌టైం ఉద్యోగం కావాలి. మ్యూజియం ఆకులు రాలగానే మూసేస్తారు. చలికాలంలో బడులకి వెళ్ళి పాఠాలు చెప్పడానికీ, వేసవిలో కొట్టు చూడడానికీ కలిపి ఒక కొత్త పోస్టు పెట్టాలని ఆడ్రీ గారు కమిటీని అడిగారు. అది వస్తే నాకే. రాకపోతే మళ్ళీ ఆ కాఫీ షాపు క్యూలో, జాన్ ప్రసాద్ వెనకాల. అప్పట్లో నాకు దేవుణ్ణి అడగడానికి ఇంకో కోరిక లేదు.

ఇక కొసరు సంగతి. గేటు దగ్గర పిల్లలకి చెక్క బిళ్ళలు ఇచ్చేవాళ్ళు. వాటితో నా కొట్టులో పిప్పర్‌మెంట్లు కొనుక్కోవచ్చు. నేను తక్కెడలో తూచి, కాగితం పొట్లం చుట్టి ఇవ్వాలి. మొదటి వేసవిలోనే ఒక రోజు, బడిపిల్లల గుంపులో ఒక చిన్నపిల్లకి తూచి, పొట్లం మడవబోతూ, సీసాలో చెయ్యి పెట్టి ఇంకో నాలుగు పిప్పర్‌మెంట్లు అందులో పడేశాను. ఆలోచించి చేసింది కాదు. ఆ చెయ్యి మా నాయనమ్మది. వేటపాలెంలో మా కొట్టు మీద ఆవిడ చెక్కపీట వేసుకు కూర్చునేది. ఎండుమిర్చి, బెల్లం, కిరసనాయిలు కలిసిన వాసన మధ్య, తెల్లచీర కొంగు బొడ్లో దోపుకుని, కందిపప్పు తూచేది. ముల్లు మధ్యలో నిలిచాక, అందరూ చూశారని నిర్ధారణ అయ్యాక, ఇంకో గుప్పెడు వేసేది. వేరే కొట్లలో కొసరు అడిగి వేయించుకోవాలి, మా కొట్టులో అడగక్కర్లేదు. ఆ పిల్ల వెనకున్న టీచరమ్మ, "ఆ రోజుల్లో ఇలా ఇచ్చేవాళ్ళా?" అని అడిగింది. మనకి తెలీదు అనాల్సింది. కానీ ఆ క్షణంలో నేను ఓబడయాని, మా నాయనమ్మని, ఇద్దర్నీ. "తూకం రాజు గారి కోసమమ్మా, కొసరు మీ కోసం," అన్నాను. నాయనమ్మ గవర్నమెంటు అనేది, నేను రాజు గారు అన్నాను, అంతే తేడా. చేతికి అలవాటైపోయింది. ఆ రెండు వేసవులూ నా కొట్టులోంచి ఎవరూ కొసరు లేకుండా వెళ్ళలేదు.

ఓబడయా వంశంలో ఇప్పటివాడు గ్లెన్ హాస్కిన్. దగ్గర పట్నంలో పెద్ద హార్డ్‌వేర్ షాపు ఉంది. మ్యూజియం కమిటీకి అధ్యక్షుడు. ఆ ఏడు మేయరుగా నిలబడ్డాడు. ఒక ఆదివారం మనవరాలితో వచ్చి, నేను పిప్పర్‌మెంట్లు తూచి పైన గుప్పెడు వెయ్యడం చూశాడు. "మా తాత మేకులు తూచి ఇలాగే పైన వేసేవాడు! ఇది మా రక్తంలోనే ఉంది!" అని నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన కళ్ళలో నిజంగా నీళ్ళు తిరిగాయి. వారం తిరిగేసరికి ఇళ్ళముందు గడ్డిలో బోర్డులు లేచాయి. హాస్కిన్, తూకం పైన గుప్పెడు. మా పూర్వీకుడు ఓబడయా ఈ గుప్పెడుతోనే జనం మనసు గెలిచాడు, శాసనసభకి వెళ్ళాడు, నేనూ ఆ దారినే నడుస్తాను అని సభల్లో చెప్పడం మొదలుపెట్టాడు.

ఆ బోర్డు చూసిన రోజు ఆడ్రీ గారు కారు దిగి తిన్నగా కొట్టులోకి వచ్చారు.

"గుప్పెడు సంగతి నీకు ఎక్కడ దొరికింది?"

"వేటపాలెంలో అండీ."

"అది ఏ కౌంటీ?"

"ప్రకాశం జిల్లా. మా నాయనమ్మ కొట్టు."

ఆవిడ మేకుల పీపా మీద కూర్చున్నారు. ఆ రెండేళ్ళలో ఆవిడ ప్రదర్శన వస్తువు మీద కూర్చోవడం నేను చూసింది అదొక్కసారే. అక్కణ్ణించే గ్లెన్‌కి ఫోన్ చేసి రమ్మన్నారు. ఆయన వచ్చి అంతా విన్నాడు. ఓబడయా గుప్పెడు ఇవ్వలేదని రుజువుందా అని అడిగాడు. లేదన్నారు ఆడ్రీ గారు. "మరి?" అన్నాడు. ఇచ్చాడనీ లేదు అన్నారు. గ్లెన్ నవ్వి నా భుజం మీద చెయ్యి వేశాడు. "వచ్చేవారం కమిటీ మీటింగు, ఊరివాళ్ళు కూడా వస్తారు. నువ్వు వేషంలో వచ్చి, గుప్పెడు గురించి ఒక ముక్క చెప్పు శ్రీను. జనం మనసు కరుగుతుంది, నీ పోస్టు కూడా అదే ఊపులో పాసైపోతుంది." బెదిరించడం ఆయనకి చేతకాదు. మంచిమనిషి, నాకు ఉద్యోగం రావాలని నిజంగానే కోరుకున్నాడు, అదే నా ప్రాణం మీదికొచ్చింది. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం.

ఆయన వెళ్ళాక నేను ఆడ్రీ గారి మొహం చూశాను. "మీటింగులో నేను నోరెత్తను," అన్నారు ఆవిడ. "నేనైతే ఏం చెప్తానో నాకు తెలుసు. కానీ నాకు ఈ దేశపు పాస్‌పోర్టు ఉంది." బేస్‌మెంటులో సలహాకి కొదవ లేదు. జాన్ ప్రసాద్ ఇది పది ఆజ్ఞల్లో వస్తుందా రాదా అని గరిట పట్టుకునే కాసేపు ఆలోచించి, రాదని తేల్చాడు. "చెప్పెయ్ మావా. ఎప్పుడో పోయినాయన వచ్చి కేసేస్తాడా ఏంటి? పీఆర్ వచ్చాక కావాలంటే ప్రార్థన చేసుకో."

మీటింగు మ్యూజియంలోని పాత బడిలో పెట్టారు. పిల్లల బెంచీల మీద పెద్దవాళ్ళు మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నారు. పొయ్యి పొగ కక్కుతోంది. రోడ్లు, చందాలు, చర్చి కప్పు కారడం, అన్నీ అయ్యాక గ్లెన్ లేచి, "ఇప్పుడు ఓబడయా గారే స్వయంగా మనకి గుప్పెడు గురించి చెప్తారు," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను చెప్పేద్దామనే లేచాను. ఇక్కడ ధర్మం గుర్తొచ్చిందని రాస్తే బాగుంటుంది గానీ, నాకు వచ్చింది కోపం. రెండు వేసవులు ఆ మనిషి పేరు మోశాను, ఊరు మోశాను, ఆయన గుర్రాల పేర్లు మోశాను, అడిగిన ప్రతివాడికీ వెర్మాంటన్నాను. ఒక్క గుప్పెడు నాది. ఇప్పుడు ఇక్కడ ఆయనదని ఒక్క మాట అన్నానంటే, ఇక అది మా నాయనమ్మది కాదు. అది మాత్రం ఇవ్వబుద్ధి కాలేదు.

"ఓబడయా హాస్కిన్ గుప్పెడు ఇచ్చేవాడో లేదో మనకి తెలీదు," అన్నాను. "ఇచ్చింది మా నాయనమ్మ. ఆవిడ పేరు కోటమ్మ. ఊరు వేటపాలెం. నేను అలవాటుకొద్దీ ఇచ్చాను, అది హాస్కిన్ గారిదైపోయింది."

బెంచీలు కిర్రుమన్నాయి. ఆడ్రీ గారు తన చేతుల వైపు చూసుకుంటున్నారు. గ్లెన్ మొహం ఎర్రబడి, తర్వాత నవ్వి, మా కోటమ్మకి జై అన్నట్టు ఏదో అన్నాడు, జనం కూడా నవ్వారు. తర్వాత పోస్టు విషయం వచ్చింది. ఇలాంటి పరిస్థితుల్లో కొంత ఆలోచించడం మంచిదని ఒకాయన అన్నాడు, మంచిదేనని ఇంకొకాయన అన్నాడు. పరిశీలనలో ఉంచారు. పరిశీలనలో ఉంచడం అంటే ఏమిటో ఏ దేశంలోనైనా ఒకటే. గ్లెన్ బోర్డులు మార్చలేదు, బాగానే గెలిచాడు.

తర్వాత నేను హాలిఫాక్స్ రావడం, ఆసుపత్రి వంటింట్లో ట్రేలు తోయడం, అక్కణ్ణించి ఆ ఆసుపత్రి కంప్యూటర్ల గదిలోకి చేరడం, పీఆర్ రావడం, పెళ్ళి, పిల్ల, ఇవన్నీ అందరి కథలాంటివే. ఇప్పుడు కొట్టుకి వెళ్ళే పనే లేదు. ఫోన్లో నొక్కితే కందిపప్పు గుమ్మంలో పెట్టి, దానికో ఫోటో తీసి వెళ్ళిపోతారు. తూకం సరిగ్గా ఉంటుంది. వంక పెట్టడానికి లేదు, కొసరడానికీ లేదు. మా అమ్మాయికి కొసరంటే ఏమిటో చెప్పబోతే "లైక్ ఎ డిస్కౌంట్?" అంది. కాదు. డిస్కౌంటుకి షరతులుంటాయి. కొసరు మనిషిని చూసి వెయ్యాలి, దానికి ఇద్దరూ ఒకచోట నిలబడి ఉండాలి. ఆడ్రీ గారు లేరు, నాయనమ్మ లేదు. వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారంటే మా అమ్మాయి నమ్మలేదు. నేనే పక్కన లేకపోతే నేనూ నమ్మేవాణ్ణి కాదు.

ఆ ఏడు మ్యూజియం మూసేసే ముందు ఆఖరి వారం అది. "మీ నాయనమ్మతో మాట్లాడాలి," అన్నారు ఆడ్రీ గారు. "నువ్వు చెప్పావు సరే. ఆవిడ చెప్పాలి కదా." మాకు పొద్దున్న, వేటపాలెంలో దీపాలు పెట్టే వేళ. పిప్పర్‌మెంట్ సీసాకి ఫోన్ ఆనించి వీడియో కాల్ చేశాను. ఆడ్రీ గారు మీటింగుకి వేసుకున్న కోటే వేసుకొచ్చారు. నాయనమ్మ తెరమీదికి రాగానే నన్ను చూసి, "ఒరేయ్ శీనయ్యా, ఆ బుగ్గల మీద ఏందిరా? ఒంట్లో బాగుందా?" అంది. ఉద్యోగం కోసం పెంచానన్నాను. ఏం ఉద్యోగమో అంది, ఓబద్యా కొట్టు గురించి, ఆయన ఎలక్షన్లో నిలబడడం గురించి రెండు ముక్కల్లో చెప్పాను. ఆడ్రీ గారు ప్రశ్నలు అడగడం, నేను తెలుగులో చెప్పడం, నాయనమ్మ చెప్పింది ఇంగ్లీషు చెయ్యడం మొదలైంది.

"కొసరు ఎందుకు ఇచ్చేవారు?"

"ఇయ్యకపోతే ఎదురు కొట్టుకి పోతారు." ఆడ్రీ గారు ఎంతో తృప్తిగా తలూపారు.

"అందరికీ ఒకే గుప్పెడా?"

"గుప్పెడు ఒకటే. వేళ్ళ సందులు వేరు."

ఆడ్రీ గారు తన చెయ్యి గుప్పెట పట్టి, వేళ్ళు వదులు చేసి, చూసుకున్నారు. తర్వాత గ్లెన్ మాట ఆవిడకి గుర్తొచ్చినట్టుంది. అలా ఇచ్చే కొట్టుమనిషంటే ఊళ్ళో మంచి పలుకుబడి ఉండేదా అని అడిగారు.

"పలుకుబడా!" అంది నాయనమ్మ. "వార్డు మెంబరుకి నిలబడ్డాగా. ఓడిపోయా. తక్కెడ గుర్తు అడిగితే గొడుగిచ్చారు. నా కొసరు తిన్న చేతులన్నీ అవతలోడికి గుద్దినయ్యి."

నేను ఇంగ్లీషు చెయ్యడం ఆపేశాను. "నువ్వు ఎలక్షన్లో నిలబడ్డావా? ఎప్పుడు?"

"మీ నాయన పెళ్ళికి ముందు."

"నాకెప్పుడూ చెప్పలేదే!"

"నువ్వడగలా."

నిజమే, అడగలేదు. ఒక కొట్టుమనిషి, ఎన్నికల్లో నిలబడ్డ మనిషి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బెల్లం ముక్కలు పెట్టిన మనిషి, ఎవరి మీద గెలవాలనుకుందో ఎందుకు నిలబడిందో నాకు తెలియదు. ఓబడయా గుర్రాల పేర్లు తెలుసు. సిగ్గేసింది. ఆడ్రీ గారికి నెమ్మదిగా చెప్పాను. ఆవిడ నా మోచేతి మీద ఒకసారి తట్టారు. ఇంతలో నాయనమ్మే ఎదురు ప్రశ్న వేసింది.

"ఆ ఓబద్యా గెలిచాడంటనా?"

రెండుసార్లు అన్నారు ఆడ్రీ గారు.

"ఏం పంచాడంట?"

"విస్కీ," అన్నారు ఆడ్రీ గారు తడుముకోకుండా. "పోలింగు రోజు పీపా మూత తీసి పెట్టేవాడు. అది మనకి తెలుసు. చిన్నపిల్లలు వస్తారని ఆ ముక్క తీసేశాం."

మరి మీటింగులో ఎందుకు చెప్పలేదని అడిగాను. ఎవరూ అడగలేదు అన్నారు. విస్కీ అని చెప్పక్కర్లేకుండానే నాయనమ్మకి అర్థమైంది. "అదీ సంగతి. నా దగ్గర కందిపప్పేగా ఉండింది," అని, "మరి నీ ఉద్యోగం ఉంటదా?" అంది.

"పోయింది నాయనమ్మా."

"ఎందుకు పోయింది?"

"కొసరు నీదని చెప్పినందుకు."

"నాదని చెప్పావా? అందరి ముందా?"

"అందరి ముందే."

"పేరు పెట్టి చెప్పావా?"

"కోటమ్మ అనే చెప్పాను. వేటపాలెం అని కూడా."

నాయనమ్మ ఫోన్ని మొహానికి దగ్గరగా తెచ్చుకుంది. తెరనిండా ఆవిడ కళ్ళే కనిపించాయి.

"నేను నిలబడ్డప్పుడు మీటింగు పెట్టారురా. మీ చినతాత మైకు పట్టుకుని, రాఘవయ్య గారి భార్యకి ఓటెయ్యండి, రాఘవయ్య గారి భార్యకి ఓటెయ్యండి అని అరిచాడు. అప్పటికి మీ తాత పోయి ఎన్నాళ్ళో అయింది. ఒక్కడూ నా పేరు చెప్పలా," అంది. "ఉద్యోగానిదేముంది నాయనా. ఇంకో కొట్టు చూసుకో."